అంచు లేపి కుట్టిన తోళ్లు

నేను తలకి నల్ల పాగా చుట్టిన రోజు నుంచీ మా అత్త బర్రా నా చేతి మంచినీళ్లు ముట్టడం మానేసింది. ఆ పాగా నేనేమన్నా ముచ్చటపడి చుట్టుకున్నానా? తొంభై ఏళ్లు దమాస్కస్ నుంచి ఏలిన ఖలీఫాల వంశం ఆ ఏడాది కూలిపోయింది. తూర్పున ఉన్న ఖురాసాన్ నుంచి నల్లజెండాల సైన్యం దిగింది. మా రమ్లా ఊళ్లో శుక్రవారం ప్రార్థనలో పాత ఖలీఫా పేరు తీసేసి కొత్త ఖలీఫా పేరు చదివారు. ఎవడు ముందుగా 'ఆమీన్' అన్నాడో, ఎవడు నసిగాడో పక్కవాడు ఓరకంట చూసుకున్నాడు. పాత ఏలికల రంగు తెలుపు కాబట్టి తెల్లబట్టలన్నీ పెట్టెల అడుక్కి పోయాయి. అద్దకంవాళ్ల వీధిలో నల్లరంగు కోసం పెద్దమనుషులు జుట్లు పట్టుకున్నారు. అంత పెద్ద సామ్రాజ్యం పడిపోతే మా ఊరికి ముందుగా కావలసి వచ్చింది కుండెడు నల్లరంగు!

నేను తోళ్లు కుట్టేవాణ్ని. పేరు మైసర. కొత్త ఖలీఫా మా ఊరి మీదికి పంపిన అమీరు మనుషులకి జీనులు కుట్టే పని పడింది నా మీద. వాళ్ల పని చేసేవాడు నల్ల పాగా చుట్టి తీరాలన్నారు, చుట్టాను. తల ఉంటేనే కదా పాగా తెల్లదా నల్లదా అని ఎంచుకోవడం! కానీ ఈ మాట మా అత్తకి ఎవరు చెప్పగలరు? చిన్నప్పటి నుంచీ నాకు పని నేర్పిన మా మామ పోతూ దుకాణం నాకు అప్పగించి, కూతురు రైతానిచ్చి చేశాడు. ఆయన ఇంట్లోనే కాపురం. ఇల్లరికపు అల్లుడి బతుకు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్పినా అర్థం కాదు.

"మీ నాన్న ఖురాసాన్ వాడే కదా అల్లుడూ?" అనేది బర్రా, పప్పు ఏరుతూ, తల ఎత్తకుండా.

"బందీగా తెచ్చారత్తా ఆయన్ని, నేను పుట్టకముందే. ఆ ఊరెటుందో కూడా నాకు తెలీదు."

"నెత్తురికి తెలుస్తుందిలే."

ఒళ్లు మండిపోయేది. లేచి దుకాణంలోకి పోయేవాణ్ని.

ఇంతలో నాకూ ఒక అనుమానం మొదలైంది. రొట్టెలు తగ్గిపోతున్నాయి. నా వాటాలోనే తగ్గుతున్నాయి. అడిగితే రైతా, "పిండి పురుగు పట్టింది, పారేశాను" అంటుంది. పెరట్లో నేలకింద నీళ్లతొట్టి ఒకటుంది. వానాకాలంలో నిండుతుంది, ఎండాకాలానికి అడుగంటిపోతుంది. ఆ ఎండిన తొట్టి వైపు నా భార్య కూజాతో నీళ్లు మోసుకుపోవడం నా కళ్లారా చూశాను. తొట్టిలోంచి నీళ్లు తోడుకునే ఆడవాళ్లని చూశాను గానీ, తొట్టిలోకి నీళ్లు మోసే ఆడదాన్ని ఎక్కడా చూడలేదు.

ఒకనాటి మధ్యాహ్నం తొట్టిలోంచి దగ్గు వినిపించింది. మగ దగ్గు! తోలు గీకే కత్తి పట్టుకుని వెళ్లి మూతరాయి జరిపాను.

"బావా, బావా! కత్తి దించు! నేను, అబాన్‌ని!"

అబాన్ అంటే పడిపోయిన వంశం కుర్రాడు. ఖలీఫాలకి దూరపు చుట్టం. మా అత్త ఒకప్పుడు వాళ్లింట్లో దాదిగా ఉండి రైతాకీ వాడికీ కలిపి పాలిచ్చి పెంచింది. పాలు పంచుకుంటే మా వాళ్లలో సొంత అన్నాచెల్లెళ్లే. చిన్నప్పటి నుంచీ ఈ ఇంటికి వచ్చేవాడు, మా పెళ్లయ్యాక నన్ను బావా అని పిలిచేవాడు, నేను కుట్టిన చెప్పులు తప్ప వేసుకునేవాడు కాదు. ఇప్పుడు గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి తొట్టి అడుగున నిలబడ్డాడు. వాళ్ల వంశంలో మగవాడు కనిపిస్తే నల్లజెండావాళ్లు వదలడం లేదు. భార్య మీద అనుమానం తీరి హమ్మయ్య అనుకునే లోపే ప్రాణం మీద భయం పట్టుకుంది.

వెనక్కి తిరిగితే బర్రా, చేతిలో రోకలి. ఆ వెనక రైతా.

"చూశావుగా, ఇక ప్రమాణం చెయ్యి" అంది మా అత్త.

"అల్లా మీద ఒట్టు, ఎవరికీ చెప్పను."

"అల్లా మీద ఒట్టేసిన పెద్దలే శత్రువుకి ఊళ్ల తలుపులు తీశారు. ఆ ఒట్టు నాకక్కర్లేదు. తలాక్ మీద వెయ్యి."

ఖలీఫాలు సైన్యాధిపతుల చేత వేయించుకునే ఒట్టు అది. మాట తప్పితే పెళ్లాం తనంతట తానే పరాయిదైపోతుంది, మళ్లీ కలిపే మొనగాడు లేడు. నేను రైతా వైపు చూశాను. ఆమె నేల చూపులు చూస్తోంది. నా మీద నమ్మకముంటే 'ఆ ఒట్టు వద్దమ్మా' అనొచ్చు కదా! అనలేదు.

"అబాన్ ఇక్కడున్నాడని నేను ఏ మనిషికైనా చెబితే, ఆ క్షణమే రైతా మూడు తలాక్‌లతో నాకు పరాయిది" అన్నాను. బర్రా రోకలి దించింది. నీళ్లు మాత్రం నా చేత్తో తాగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి అమీరు విందులు చూసుకునే బుందార్ మా దుకాణానికి వచ్చాడు. లావుపాటి మనిషి. ఎప్పుడూ నవ్వుమొహం. వాడు నవ్వినప్పుడల్లా ఎవరికో మూడిందని ఊళ్లో అనుకునేవాళ్లు.

"విందుకి తోళ్లు కావాలి. చాలా కావాలి. ఉన్నవాళ్లందర్నీ పనిలో పెట్టు."

భోజనాలకి పరిచే తోలు మేకతోలు. పల్చగా, మెత్తగా ఉండాలి. అంచు చుట్టూ చిల్లులు పొడిచి తాడు దూరుస్తాం. తిన్నాక తాడు లాగితే సంచిలా ముడుచుకుంటుంది, ఎముకలూ రొట్టెముక్కలూ అందులోనే ఉండిపోతాయి. ఏ ఇంట్లోనైనా అంతే.

"మేకతోళ్లు వద్దు. ఎద్దుతోళ్లు. పెద్దవి, మనిషి పడుకుంటే చాలేంత. తాడు అక్కర్లేదు" అన్నాడు బుందార్.

"తాడు లేకపోతే ఎంగిలి ఎలా ఎత్తుతారయ్యా?"

"ఎత్తేది మేం. నీకెందుకు? అంచు పైకి లేపి కుట్టు. నూనె బాగా పట్టించు. ఒక్క చుక్క కూడా ఇంకకూడదు."

"ఏం చుక్కయ్యా?"

"పులుసు" అని నవ్వాడు. వెళ్తూ నా భుజం తట్టి, "నీ నాలుక కూడా తోలేగా మైసరా, జాగ్రత్తగా ముడిచి పెట్టుకో" అన్నాడు.

అంచు లేపి, నూనె పట్టించిన ఎద్దుతోలు మా ఊళ్లో ఒక్కడే వాడతాడు. తలారి. మనిషిని దాని మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టి కత్తి ఎత్తుతారు, నెత్తురు నేలపాలు కాకుండా. వెనకటి అమీరు కాలంలో నేనే ఒకటి కుట్టిచ్చాను, అందుకే తెలుసు. ఇప్పుడు కుట్టనంటే మొదటి తోలు నా కిందే పరుస్తారు. కుట్టాను. ఇంత మందం తోళ్లు దేనికని పక్కవాళ్లు అడిగితే విందుకే అన్నాను. పక్కవాళ్లలో ఎవడు బుందార్ మనిషో ఎవరికి తెలుసు? అప్పజెప్పి ఇంటికొచ్చేసరికి వీధిలో చాటింపు వినిపించింది.

"పాత ఏలికల వంశంవాళ్లు ఎక్కడ దాక్కున్నా బయటికి రావచ్చు! అమీరుగారు అభయమిచ్చారు! గురువారం ఏటి ఒడ్డున విందు! ఆయన రొట్టె తిని ఉప్పు రుచి చూసినవాళ్ల జోలికి ఎవరూ రారు, వాళ్ల ఇళ్లూ తోటలూ వాళ్లకే! రానివాళ్లకి అభయం లేదు, దాచినవాళ్లకీ లేదు!"

పెరట్లోకి పరుగెత్తాను. అబాన్ అప్పటికే తొట్టిలోంచి బయటికి వచ్చి అంజూరచెట్టు కింద కూర్చున్నాడు. ఎన్నాళ్లకో ఎండ తగిలిన మొహం వెలిగిపోతోంది. బర్రా వాడి తల దువ్వుతోంది.

"విన్నావా బావా? అమీరు ఉప్పు పెడుతున్నాడు!"

"వెళ్లొద్దు."

దువ్వెన ఆగింది. "ఎందుకు వెళ్లొద్దు?" అంది మా అత్త.

తోళ్ల సంగతంతా చెప్పాను. తాడు లేదన్నాను, అంచు సంగతి చెప్పాను, నూనె సంగతి చెప్పాను, బుందార్ నవ్వు సంగతి కూడా చెప్పాను. బర్రా ఓపిగ్గా విన్నది. అంత ఓపిగ్గా నా మాట ఎప్పుడూ వినలేదు.

"ఆ తోళ్లు ఎవరు కుట్టారు?"

"నేనే."

"ఎవరు అప్పజెప్పారు?"

"నేనే అత్తా, కానీ..."

"తలలు తీసే తోళ్లని తెలిసీ కుట్టిచ్చావు. అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పు నాయనా! రొట్టె విరిచి ఉప్పు పెట్టాక చెయ్యి వేసేవాడు ఎడారిలో దారిదోపిడీగాళ్లలో కూడా లేడు. కన్నకొడుకుని చంపినవాడైనా సరే, ఒకసారి డేరాలో ఉప్పు తిన్నాడంటే క్షేమంగా సాగనంపాల్సిందే. నీకిది తెలీదు, నీ నెత్తుట్లో లేదు."

"ఆయనా మేమూ ఒకే ముత్తాత మనవలం బావా. రాజ్యం కోసం కొట్టుకుంటాం, సరే. విందుకి పిలిచి చంపుకోం" అన్నాడు అబాన్, నవ్వుతూ. "భోజనాల తోలు కాస్త మందంగా ఉంటే తలకాయలు ఎగిరిపోతాయా?"

"వీడి ఎత్తు నాకు తెలిసింది" అంది బర్రా, నా వైపు వేలు పెట్టి. "గురువారం దాటితే నీకు అభయం పోతుంది నాయనా. అప్పుడు నువ్వెక్కడున్నావో తెలిసిన మగవాడు వీడొక్కడే. తాపీగా పట్టించి నీ తోట రాయించుకుంటాడు."

ఆ మాటకి నేను అరిచేశాను. ఏం అరిచానో నాకే గుర్తులేదు. రైతా వచ్చి, "వీధిలోకి వినబడుతోంది, ఊరుకో" అంది. అంతే. నా వైపు ఒక్క ముక్క మాట్లాడలేదు, వాళ్లమ్మ వైపూ మాట్లాడలేదు.

దుకాణంలో కూర్చుని ఆలోచించాను. వాణ్ని కట్టిపడేద్దామంటే వాడు నా రెండింతలు. వాడు చచ్చిపోతాడు, నాకు చెప్పులు చూపించి మురిసిపోయిన పిల్లాడు నేను కుట్టిన తోలు మీదే చచ్చిపోతాడు. నిజం చెబితే వీళ్లు నమ్మరు. మరి నా నోట్లోంచి ఏం వస్తే నమ్ముతారు? మా అత్త ఇన్నాళ్లుగా కాచుకుని కూర్చున్నది ఏ మాట కోసం? అది చెబితే నమ్ముతారు. వెంటనే నమ్ముతారు.

చెబితే ఒట్టు సంగతేమిటి? నేను ఎవరికీ చెప్పలేదని అల్లాకి తెలుసు. కానీ నేను కాపురం చేసేది రైతాతో. ఆ ముక్క తట్టేసరికి సూది గుచ్చుకున్నది కూడా తెలియలేదు.

గురువారం పొద్దున్నే నా గాడిదని వెనక సందులో కట్టేశాను. దాని మీద రెండు తోలుసంచుల నీళ్లు, రొట్టెలు, ఎండు అంజూరాలు, నీళ్లు మోసేవాడి పాత అంగీ ఒకటి. తర్వాత నల్ల పాగా సరిచేసుకుని పెరట్లోకి వెళ్లాను. అబాన్ తెల్లటి కొత్తబట్టలు వేసుకున్నాడు. బర్రా వాడి గడ్డానికి అత్తరు రాస్తోంది. రైతా ధూపం పట్టుకుని నిలబడింది.

"చెప్పేశాను" అన్నాను.

"ఏం చెప్పావు?" అంది బర్రా.

"అబాన్ ఇక్కడున్నాడని బుందార్‌తో చెప్పేశాను. యుద్ధంలో అమీరు బంధువుని పొడిచింది వీడేనని కూడా చెప్పాను. వీడికి మాత్రం అభయం లేదన్నారు. ఏటి దారిలో మనుషుల్ని పెట్టారు, ఇక్కడికీ వస్తున్నారు."

రైతా ధూపం కింద పెట్టింది.

"మైసరా, నువ్వేమన్నావో నీకు తెలుసా?"

"తెలుసు."

"మళ్లీ చెప్పు."

ఆ మొహం చూస్తూ మళ్లీ చెప్పడం కంటే నా నాలుక కోసుకోవడం సుఖం. కానీ ఒక్క క్షణం తడబడితే ఆ ముసలిదానికి అనుమానం వచ్చేస్తుంది! అనుమానపు మనిషి ఆ ఒక్కసారి అనుమానించకుండా ఉండాలి. "చెప్పేశాను" అన్నాను మళ్లీ, గట్టిగా.

అబాన్ నా మొహాన ఉమ్మేశాడు. బర్రా రోకలితో నా భుజం మీద ఒకటిచ్చింది, అది ఇప్పటికీ వాన పడితే సలుపుతుంది. ఆ తర్వాత ఆమె కాళ్లకి ఎక్కణ్నుంచి వచ్చిందో బలం, వాణ్ని లాక్కుంటూ వెనక తలుపు తీసింది. గాడిదని చూసింది. నా మొహం చూసి విరగబడి నవ్వింది.

"నీ గాడిద మీదే తోలేస్తున్నానురా ద్రోహీ! ఏడువు!"

"నా గాడిద! నా గాడిద!" అని నిజంగానే ఏడ్చాను. వాడు తెల్లబట్టల మీద ఆ పాత అంగీ వేసుకుని సందు మలుపు తిరిగిపోయాడు, సముద్రం వైపు. వెనక్కి చూడలేదు.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఏటి ఒడ్డుకి కట్టెలు తోలినవాళ్లు మాటలు రాక సైగలు చేస్తూ తిరిగొచ్చారు. విందుకి వెళ్లినవాళ్లలో ఒక్కడు మిగల్లేదు. వరసగా కూర్చోబెట్టి, రొట్టె విరిచే ముందే దుడ్డుకర్రలతో కొట్టి పడేశారు. నా తోళ్లు వాళ్ల కింద పరచలేదు. వాళ్ల మీద పరిచారు. కింద మూలుగులు ఆగకముందే అమీరు మనుషులు ఆ తోళ్ల మీద వరసగా కూర్చుని భోంచేశారు. నేను ఊహించిన దానికి అది తలకిందులు. అంతటి ఘోరం నా బుర్రకి తట్టనే లేదు.

బర్రా విని నేలకి నుదురు ఆనించి అల్లాకి సజ్దా చేసింది. లేచి, "చూశావా రైతా! వీడి ద్రోహాన్నే అల్లా నా బిడ్డకి డాలు చేశాడు!" అంది.

"ద్రోహం కాదు అత్తా! అబద్ధం! నేనెవ్వరికీ చెప్పలేదు!"

"పొద్దున చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"పొద్దునది! వాణ్ని ఆపడానికి చెప్పాను. చెప్పి ఉంటే సైనికులు రావాలిగా? వచ్చారా?"

"ఎందుకొస్తారు? వాడే నడుచుకుంటూ విందుకి వస్తాడని ధీమాగా కూర్చుని ఉంటారు. మూడు తలాక్‌లు పడ్డాక పెళ్లాం కావాలని వచ్చే ప్రతివాడూ ఇదే మాట చెబుతాడు. నా కూతురి కడుపున నీ పిల్లలు పుట్టలేదు, అదే పదివేలు. గుమ్మం దిగు."

ఖాజీ దగ్గరికి పోదామా అంటే, ఏం ప్రమాణం చేశావని మొదట అడుగుతాడు. ఏలిన వంశంవాణ్ని దాచి ఉంచాం అని చెప్పి అందరం తలలు పోగొట్టుకోవాలి. సాక్షులెవరంటే, చెప్పేశానన్న నా మాట రెండుసార్లు విన్నవాళ్లే సాక్షులు. నా సూదులూ కత్తులూ సంచిలో వేసుకున్నాను. రైతా సందు తలుపు దాకా వచ్చింది.

"గాడిద మీద రొట్టెలు ఎవరు కట్టారు?" అంది.

"నేనే రైతా. వాడి కోసమే. నీళ్లు కూడా, అంగీ కూడా."

"నేనూ అదే అనుకున్నాను." ఆమె కళ్లనిండా నీళ్లు. "నేను నమ్ముతున్నాను మైసరా. పగలంతా నమ్ముతాను. కానీ ఎక్కడో ఓ మూల, నీ ప్రయాణానికి నువ్వే కట్టుకున్నావేమో అనిపిస్తుంది. ఆ మూల నిజమైతే నా బతుకంతా పరాయి మగాడి పక్కన పడుకున్నట్టే కదా! ఆ పాపం నేను మొయ్యలేను."

"ఎన్నాళ్లు పడుతుంది ఆ మూల పోవడానికి?"

ఆమె తలుపు వేసుకుంది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. నేను అదే వీధి చివర వేరే కొట్టు పెట్టుకున్నాను. రైతా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. రొట్టెల పొయ్యి దగ్గర ఎదురుపడితే పక్కకి తప్పుకుంటుంది, అయినా నా భుజం నొప్పి ఎలా ఉందని పొయ్యివాడితో అడిగిస్తుంది. అబాన్ బతికే ఉన్నాడు. సముద్రం దాటి పడమర దేశం చేరి, అక్కడ కుదురుకున్నాడట. ఓడవాళ్లు చెప్పారు. ఆ కబురు తెచ్చినవాడికి నేను కొత్త చెప్పులు కుట్టిచ్చాను. అబానే వచ్చి, తనని కాపాడింది బావేనని ఒక్క ముక్క చెబితే చాలు, మా అత్త కూడా ఒప్పుకుంటుందని చాన్నాళ్లు ఆశపడ్డాను.

కిందటేడు ఇంకో ఓడవాడు నా కొట్టుకి వచ్చాడు. పడమర దేశంలో అబాన్ పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన తలని అమ్ముకున్న బావ కథ చెబుతుంటాడట. రమ్లాలో మైసర అనే తోళ్లవాడు ఇంకా బతికే ఉన్నాడా అని ఆ ఓడవాడు నన్నే అడిగాడు.

చచ్చిపోయాడని చెప్పాను.